మీ వీధి సబ్‌స్టేషన్‌కు కనిపించదు



కోడుమూరు, గూడూరు, గోనెగండ్ల, కృష్ణగిరి పల్లెల్లో ఎండాకాలం చివర గాలివాన వచ్చే తీరు మీకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం దాకా ఎండ నిప్పులు చెరుగుతుంది. పొద్దు వాలేసరికి ఒక మూల నల్లగా మబ్బు కమ్ముతుంది. ముందు దుమ్ము లేస్తుంది, వెనకే ఈదురుగాలి. చినుకు నేల మీద పడకముందే కరెంటు పోతుంది. పిల్లల చదువు ఆగుతుంది, మగ్గం మీద పోగు కనపడదు, కుళాయికి నీళ్లు రావు, ఉక్కకు ముసలివాళ్లు అరుగుల మీదికి వస్తారు. ఆ తర్వాత ఊరంతా చేసే పని ఒకటే, ఎప్పుడొస్తుందో అని ఎదురుచూడటం.

కరెంటు పోయిన తర్వాత ఇంటివాళ్లు ఏం చూడాలి, ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి, చెప్పినా రాకపోతే ఏం చేయాలి? ఈ రోజు వీటి గురించే మాట్లాడతాను. ఇది చిన్న విషయంలా కనపడుతుంది. కానీ ఒక వీధి రాత్రంతా చీకట్లో ఉండటానికీ, రెండు గంటల్లో వెలుగు రావటానికీ మధ్య తేడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఒక లైన్‌మన్ క్షేమంగా ఇంటికి చేరడమూ కొన్నిసార్లు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా, కరెంటు మన ఇంటికి ఏ దారిన వస్తుందో చూద్దాం.

మన ఉమ్మడి కర్నూలు జిల్లా కరెంటు పుట్టే నేల. శ్రీశైలం కుడిగట్టు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 770 మెగావాట్లు. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో శకునాల, గని గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఇలాంటి చోట్ల పుట్టిన కరెంటు పెద్ద టవర్ల మీదుగా ప్రయాణించి, మెట్టు మెట్టుగా వోల్టేజీ తగ్గించుకుంటూ వస్తుంది. మన దగ్గరి సబ్‌స్టేషన్‌లో 33 వేల వోల్టులు 11 వేలకు దిగుతుంది. అక్కడి నుంచి ఫీడర్లనే లైన్లు ఊళ్లకు బయలుదేరుతాయి. వీధి చివర కనపడే ట్రాన్స్‌ఫార్మర్ ఆ 11 వేల వోల్టులను 433కు దించుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజు తీగలు, ఒక న్యూట్రల్ తీగ స్తంభాల మీద వీధి వెంట నడుస్తాయి. వాటిలో ఒక ఫేజు, న్యూట్రల్ కలిపి సర్వీసు వైరుగా మన మీటరుకు వస్తాయి. అలా ఇంట్లోకి సుమారు 230 వోల్టులు చేరుతుంది.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు ముందు మీటర్లుంటాయి. 11 వేల వోల్టుల ఫీడరు ట్రిప్పయితే ఆయనకు ఆ క్షణమే తెలుస్తుంది. మీరు ఫోన్ చేయకపోయినా ఆయన పని మొదలుపెడతాడు. కానీ మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజు ఫ్యూజు పోయిందనుకోండి. స్తంభం మీద మీ సర్వీసు వైరు ఊడిపోయిందనుకోండి. ఫీడరు మీద లోడు రవ్వంత తగ్గుతుంది, అంతే. సబ్‌స్టేషన్ లెక్కలో మీ ఊరికి కరెంటు ఉన్నట్టే. గాజులదిన్నె ప్రాజెక్టు పెద్ద కాలువకు గండి పడితే ఇంజనీర్లకు వెంటనే తెలుస్తుంది. మీ చేని గట్టుకు ఎలుక బొక్క పడి నీళ్లు పోతుంటే మీరు చూసి చెబితే తప్ప ఎవరికీ తెలియదు. కరెంటుదీ అదే కథ. వీధిలోని చిన్న లోపానికి మీ చూపే మీటరు, మీ ఫోనే సైరను.

అందుకే "ఎవరో ఒకరు చెప్పి ఉంటార్లే" అన్న మాట మీద నాకు పెద్ద అభ్యంతరం. ఎదురింటి అన్న చెప్పి ఉంటాడని మనం అనుకుంటాం. మనం చెప్పి ఉంటామని ఆ అన్న అనుకుంటాడు. వీధంతా ఒకరి మీద ఒకరు భరోసా పెట్టుకుని కూర్చుంటే, చెప్పినవాళ్లు ఒక్కరూ ఉండరు.

మరి చెప్పేముందు ఏం చూడాలి? కరెంటు పోగానే మొదట మన ఇంట్లోనే ఇంకో గదిలో లైటు వేసి చూడండి. ఒక గదిలోనే పోయి మిగతా ఇల్లు వెలుగుతుంటే లోపం మన వైరింగులోనే ఉంది. ఆ గదికి సంబంధించిన ఎంసీబీ, అంటే బోర్డులోని చిన్న మీట, కిందికి పడిందేమో చూడండి. దానికి ఊళ్లోని ఎలక్ట్రీషియన్ చాలు. కరెంటు ఆఫీసుకు చెప్పే పని లేదు.

ఇల్లంతా పోయిందా? అయితే గడప దాటి వీధిలోకి రండి. ఇరుగుపొరుగు ఇళ్లు చూడండి. అందరికీ ఉండి మీకు ఒక్కరికే లేకపోతే మీ మెయిన్ స్విచ్చూ, మీటరూ చూడండి. మీటరులో అంకెలు కనపడుతూ ఇంట్లో కరెంటు లేకపోతే లోపం మామూలుగా మీటరు తర్వాత, అంటే మన వైపు ఉంటుంది. మీటరే చీకటిగా ఉంటే లోపం మీటరు ముందు, సర్వీసు వైరులోనో, స్తంభం మీదో ఉండొచ్చు. అది కరెంటు సంస్థ బాధ్యత. ఇలాంటిది మీరు చెబితేనే తెలుస్తుంది. మీ తరఫున వీధిలో ఇంకెవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లందరికీ కరెంటు ఉంది.

వీధిలో కొన్ని ఇళ్లకుండి కొన్నింటికి లేకపోతే, మూడు ఫేజుల్లో ఒకటి పోయిందని అర్థం. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇళ్లన్నింటికీ పోతే లోపం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. ఊరు ఊరంతా పోతే అది ఫీడరులోనో, సబ్‌స్టేషన్‌లోనో వచ్చిన లోపం. లేదంటే పని కోసం సిబ్బంది లైను ఆపి ఉండొచ్చు. చూశారా, చేతికి టెస్టరు లేకుండా, ఒక్క తీగ తాకకుండా, గడప బయట నిలబడి లోపం ఎక్కడుందో మీరు దాదాపు చెప్పేయగలరు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. కరెంటు పూర్తిగా పోకుండా వింతగా ప్రవర్తిస్తే అది ఇంకా ప్రమాదం. మీ ఇంట్లో బల్బు మినుకుమినుకుమంటూ, పక్కింట్లో బల్బు కళ్లు చెదిరేలా వెలుగుతుంటే న్యూట్రల్ తీగ తెగిందని అనుమానించాలి. న్యూట్రల్ ఉన్నంతవరకూ ప్రతి ఇంటికీ 230 వోల్టులే అందుతుంది. అది తెగిన క్షణాన రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను ఇళ్లు హెచ్చుతగ్గులుగా పంచుకుంటాయి. ఒక ఇంటికి వంద వస్తే ఇంకో ఇంటికి మూడు వందలు పోవచ్చు. ఫ్రిజ్జులు, టీవీలు, ఫ్యాన్లు వరసగా కాలిపోయేది ఇలాంటప్పుడే. అప్పుడు ఆలోచించకుండా మెయిన్ ఆపేయండి. పక్కింటి అక్కకూ, వెనకింటి పెద్దాయనకూ కేకేసి ఆపించండి. ఆ తర్వాతే ఫోన్.

ఇంకో మాట. ఇంట్లో ఈఎల్‌సీబీ లేదా ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కారితే సరఫరా ఆపేసే మీట, ఉండి, అది పైకి లేపినా మళ్లీ మళ్లీ పడిపోతుంటే దాన్ని తిట్టుకోకండి. ఎక్కడో తడిగోడలోనో, మోటారులోనో, గీజరులోనో కరెంటు కారుతోంది. మీ ప్రాణం కాపాడటానికే అది పడుతోంది. ప్లగ్గులన్నీ తీసేసి మీట పైకి లేపండి. నిలిస్తే, వస్తువులు ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఏది పెట్టగానే పడిందో అదే దోషి. అన్నీ తీసినా నిలవకపోతే లోపం గోడల్లోని వైరింగులో ఉన్నట్టు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అంతేగాని దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపించుకోకండి.

చూడటం మన పని. తాకటం మాత్రం మన పని కాదు. ఈ గీత ఎప్పుడూ దాటకండి. పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే ధైర్యమున్న కుర్రవాడొకడు కట్టె పట్టుకుని బయలుదేరటం మనకు తెలిసిందే. "నాకు అలవాటే నాయనా, ఏం కాదులే" అంటాడు. ఆ ధైర్యాన్ని మెచ్చుకోకండి, చెయ్యి పట్టి ఆపండి. ఎండుకట్టె అనుకున్నది లోపల తడిసి ఉండొచ్చు. తీగ మీద కరెంటు లేదనుకున్న క్షణంలోనే సబ్‌స్టేషన్ నుంచి తిరిగి రావచ్చు. 11 వేల వోల్టుల తీగ ప్రాణం తీయడానికి మనిషి తాకనవసరం లేదు, మరీ దగ్గరికి వెళితే చాలు.

తీగ తెగి నేల మీద పడి ఉంటే దాని మీద కరెంటు ఉన్నట్టే లెక్క. తడి నేలలో ఆ తీగ చుట్టూ భూమిలోనే కరెంటు పారుతుంది. రెండు పాదాలు దూరంగా పడితే ఒక కాలి నుంచి ఇంకో కాలికి ఒంట్లో నుంచి దారి చేసుకుంటుంది. గొడ్లు ఎక్కువగా చనిపోయేది అందుకే, వాటి ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. పొరపాటున దగ్గరికి వెళ్లి ఉంటే పాదాలు రెండూ ఆనించి, నేలకు రాసుకుంటూ చిన్నగా జరుగుతూ వెనక్కి రావాలి. దారిలో ఎవరైనా ఒకరు నిలబడి వచ్చేపోయేవాళ్లను, పశువులను ఆపాలి. ఇంకొకరు ఫోన్ చేయాలి. వానలో స్తంభాలనూ, వాటిని నిలబెట్టే స్టే వైర్లనూ పట్టుకోవద్దు. స్తంభానికి దండెం కట్టి బట్టలు ఆరేసే అలవాటు మానుకోండి.

జనరేటరు వాడే అన్నలకు ఒక ప్రత్యేకమైన విన్నపం. పెళ్లికో, దుకాణానికో జనరేటరు పెట్టి, ఇంటిని లైను నుంచి విడదీసే ఛేంజోవర్ స్విచ్చు లేకుండా ఇంటి వైరింగుకు నేరుగా కలిపితే, మీ కరెంటు మీ ఇంట్లోనే ఆగదు. మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా వెనక్కి నడిచి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. 11 వేలను 433కు దించే ట్రాన్స్‌ఫార్మర్, అవతలి వైపు నుంచి కరెంటు ఇస్తే తిరిగి 11 వేలకు ఎక్కిస్తుంది. స్తంభం మీద ఒక మనిషి లైను చచ్చిపోయిందని నమ్మి చెయ్యి వేసి ఉంటాడు. లైన్‌మన్ పని మొదలుపెట్టేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుంటాడు. తీగలను భూమికి ఎర్త్ చేసుకుంటాడు. ఆయన జాగ్రత్త ఆయన పడతాడు. మన ఇంటి నుంచి ఆయన ప్రాణానికి ముప్పు రాకుండా చూడటం మన ధర్మం. ఇంటి పైకప్పు మీద సోలారు పెట్టుకున్నవాళ్లు, ఊళ్లో కరెంటు పోయినప్పుడు మా సోలారు కూడా ఎందుకు ఆగుతోందని అడుగుతుంటారు. కారణం ఇదే. లైను చచ్చినప్పుడు లైనుకు కలిసిన సోలారు తనంతట తాను ఆగిపోయేలా తయారు చేస్తారు.

ఇప్పుడు ఫోన్ సంగతి. కరెంటు ఫిర్యాదులకు నంబరు 1912. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, తొమ్మిది, ఒకటి, రెండు. మన జిల్లాకు కరెంటు పంపిణీ చేసేది ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. 2014లో రాష్ట్ర విభజన సమయంలో కర్నూలు, అనంతపురం జిల్లాలు ఈ సంస్థ కిందికి వచ్చాయి. ప్రధాన కార్యాలయం తిరుపతిలో ఉంది. మీ ఫోన్ ఎత్తినవారు కోడుమూరును ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. మీ మాటే వాళ్లకు కళ్లు. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లు ఉన్నారు. వాళ్లకూ చెప్పండి, మీ లైన్‌మన్‌కూ చెప్పండి. కానీ 1912లో నమోదు చేయించటం మాత్రం మానకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

"హలో, కరెంటు లేదు, తొందరగా పంపియ్యండి" అంటే అవతలి మనిషికి ఏమీ తెలియదు. ఇలా చెప్పి చూడండి: "సార్, మాది కోడుమూరు. సర్వీసు నంబరు చెబుతా, రాసుకోండి. మా వరసలో ఇండ్లన్నిటికీ కరెంటు పోయింది, ఎదురు వరసకు ఉంది. గుడి పక్క ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నాం. ఏడున్నరకు గాలి వచ్చినప్పుడు టప్‌మని శబ్దమై నిప్పురవ్వలు రాలినాయి. తీగ ఏదీ కింద పడలేదు. నా ఫోన్ నంబరు ఇదే. కంప్లైంటు నంబరు చెప్పండి సార్." అర నిమిషం మాట ఇది. ఇది విన్న లైన్‌మన్ చీకట్లో ఊరంతా తిరగడు. ఫ్యూజు తీగ పట్టుకుని నేరుగా గుడి దగ్గరికి వస్తాడు. తీగ కింద పడి ఉంటే మాత్రం ఆ మాటే అన్నిటికంటే ముందు చెప్పండి, అప్పుడు ముందు లైను ఆపిస్తారు.

సర్వీసు నంబరు మీ బిల్లు మీద ఉంటుంది, 13 అంకెలు. చీకట్లో బిల్లు వెతుక్కునే అవస్థ లేకుండా దాన్ని ముందే రాసిపెట్టుకోవాలి.

ఇక కంప్లైంటు నంబరు ఎందుకంటే, మీ హక్కు లెక్కకు వచ్చేది అక్కడి నుంచే. 2003 విద్యుత్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం పంపిణీ సంస్థ సేవలకు ప్రమాణాలుంటాయి. మన రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ మండలి 2004లో 7వ నంబరు రెగ్యులేషన్ ద్వారా ఆ గడువులు నిర్ణయించింది. ఫ్యూజు పోయిందని ఫిర్యాదు అందితే పట్టణాల్లో 4 పని గంటల్లో, పల్లెల్లో 12 పని గంటల్లో సరిచేయాలి. స్తంభాల మీద లైను తెగితే పట్టణాల్లో 6 గంటలు, పల్లెల్లో 24 గంటలు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణాల్లో 24 గంటలు, పల్లెల్లో 48 గంటలు. ముందుగా ప్రకటించి చేసే పనులకైతే, ఒక విడతలో 12 గంటలకు మించి ఆపకూడదు, సాయంత్రం 6 గంటలకల్లా కరెంటు తిరిగి ఇవ్వాలి. గడువు దాటితే వినియోగదారుకు పరిహారం కోరే హక్కుంది. 2020 డిసెంబరులో కేంద్రం తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు కూడా ఈ హక్కునే బలపరుస్తున్నాయి.

గమనించండి, "ఫిర్యాదు అందితే" అన్నాను. లైన్‌మన్ అన్నకు దారిలో చెప్పిన మాట స్నేహం మీద నడుస్తుంది. ఆయన మంచివాడైతే వస్తాడు, ఆ రోజు ఇంకో ఊళ్లో స్తంభం మీద ఉంటే రాలేడు. నంబరుతో నమోదైన ఫిర్యాదుకు తేదీ ఉంటుంది, టైము ఉంటుంది, జవాబు చెప్పాల్సినవారుంటారు. ఇది లైన్‌మన్‌కు వ్యతిరేకమైన పని అనుకోవద్దు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద నెలకు ఎన్నిసార్లు ఫ్యూజు పోతోందో కాగితం మీద ఉంటేనే, అక్కడ లోడు ఎక్కువైందని, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని అడగటానికి ఆధారం దొరుకుతుంది. నమోదు కాని బాధ బడ్జెట్టులోకి ఎక్కదు.

నమోదు చేసినా పని జరగకపోతే సెక్షన్ ఆఫీసులో ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరును కలవండి. అక్కడా తేలకపోతే చట్టం ఇచ్చిన మెట్లు రెండున్నాయి. మొదటిది వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక. దాని తీర్పు మీద అసంతృప్తి ఉంటే రెండోది విద్యుత్ అంబుడ్స్‌మన్. కంప్లైంటు నంబర్లు, తేదీలు చేతిలో ఉంటే తెల్ల కాగితం మీద తెలుగులో రాసిన అర్జీకి కూడా బలం ఉంటుంది.

మన జిల్లావాసులకు ఇంకో అనుకూలత ఉంది. 1999లో ఏర్పడి చాలా ఏళ్లు హైదరాబాదులో ఉన్న నియంత్రణ మండలి ఇప్పుడు కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. ఛార్జీల మీద ఏటా ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. అందులో రైతైనా, నేతన్నైనా, ఇల్లాలైనా మాట్లాడవచ్చు. ఛార్జీ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. మా పల్లెకు కరెంటు ఎన్నిసార్లు పోతోంది, ఎన్ని గంటలకు వస్తోంది అన్న లెక్కతో మాట్లాడేవాళ్లు కూడా కావాలి.

పెద్ద విపత్తుల మాట కూడా చెప్పుకోవాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తిన రోజులు మన కళ్లముందున్నాయి. అలాంటప్పుడు ఫోన్లు కలవవు, గడువులు పని చేయవు. నీళ్లు గడప దాకా వచ్చేలోపే మెయిన్ ఆపేసి బయటపడటం ఒక్కటే ముఖ్యం. నీళ్లు తీసిన తర్వాత వీధికి కరెంటు వచ్చినా, తడిసిన బోర్డులు, వైరింగు ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకూడదు. హంద్రీ ఒడ్డున ఉన్న ప్రతి ఊరూ గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం ఇది.

శ్రోతలారా, ఈ ప్రసంగం అయిపోగానే ఒక పని చేయండి. మీ కరెంటు బిల్లు తీసి, అందులోని 13 అంకెల సర్వీసు నంబరును, దాని కింద 1912ను, మీ ట్రాన్స్‌ఫార్మర్ ఏ గుర్తు దగ్గరుందో ఆ మాటను మీటరు పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే వాళ్లతోనే రాయించండి, ఫోన్‌లో ఎలా చెప్పాలో కూడా నేర్పండి. ఒంటరిగా ఉండే జేజమ్మ, జేజినాయన మీ వీధిలో ఉంటే వాళ్ల ఇంటి గోడ మీద కూడా మీరే రాసి రండి. ఈసారి కరెంటు పోయినప్పుడు వీధిలో మొదటి ఫోన్ మీదే కావాలి, కంప్లైంటు నంబరు మీ చేతిలో ఉండాలి.